మూగజీవుల ఋణం

కృష్ణానదికి ఉత్తరాన విస్తరించిన మెట్టభూములలో పాలమూరు పేరెన్నిక గన్న పట్టణం. 1890లో ఆ ఊరికి మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది. ఆ పేరు హైదరాబాదు రాజ్యాన్ని ఏలిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. నల్లగొండ, పాలమూరు సీమలు ఆయన ఏలుబడిలోనివే.

మహబూబ్ అలీఖాన్ 1866లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణించడంతో మూడేళ్లయినా నిండకుండానే ఆయనకు రాజ్యం సంక్రమించింది. ఆయన బాల్యంలో పాలనాభారాన్ని ప్రధానంగా మొదటి సాలార్‌జంగ్ వహించారు. 1884లో వైస్రాయి రిప్పన్ ప్రభువు చేతులమీదుగా మహబూబ్ పూర్ణాధికారాలు స్వీకరించారు. ప్రజలు ఆయనను గొప్ప దాతగా కొనియాడారు. ఆయన పేరు తలచుకుంటే పాము విషం దిగిపోతుందని విశ్వసించేవారు. పులుల వేటలో ఆయన గురి తప్పనివారని కూడా ప్రఖ్యాతి ఉండేది.

ఆ కాలంలో వైద్యలోకాన్ని ఒక సమస్య వేధిస్తూ ఉండేది. శస్త్రచికిత్సలో బాధ తెలియకుండా చేసే క్లోరోఫాం 1847లో వాడుకలోకి వచ్చింది. అది ఎందరికో వరమయింది. అయితే కొందరు రోగులు ఆ మత్తులోనే హఠాత్తుగా ప్రాణాలు విడిచేవారు. మొదట ఆగేది శ్వాసా, గుండెా అన్నది వివాదాంశం. శ్వాసే ముందుగా ఆగుతుందని, దానిని కనిపెట్టి ఉంటే ప్రమాదం లేదని హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ వాదించారు. లండన్ వైద్యులలో పలువురు అంగీకరించలేదు.

నిజాం ప్రోత్సాహంతో 1888లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. కుక్కలపై ప్రయోగాలు జరిపి, లారీ వాదమే సరియైనదని ఆ సంఘం ప్రకటించింది. లండన్‌లోని లాన్సెట్ వైద్యపత్రిక సందేహం వెలిబుచ్చగా, నిజాం వెనుదీయలేదు. ఆ పత్రిక పంపే నిపుణుని కోసం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నారు. అప్పటికి నిజాం వయసు ఇరవై మూడేళ్లు.

ఆ పరీక్షలకు నాలుగువందలకు పైగా జంతువులను వినియోగించారు. వాటిలో అధికభాగం కుక్కలు. కోతులు కూడా ఉన్నాయి. వాటికి మత్తు ఎక్కించి, శ్వాస ఏ క్షణాన ఆగిందో, గుండె ఏ క్షణాన ఆగిందో లెక్కకట్టారు. ఇంగ్లండులో ఇట్టి ప్రయోగాలకు 1876 నుంచి అనుమతిపత్రం అవసరం. ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించదు. మనుషుల ప్రాణాలు కాపాడాలన్న సంకల్పం ఉదాత్తమైనదే. కాని అన్ని ప్రాణాలు తీయడం అవసరమా అని నిలదీసే నియమం అక్కడ లేకపోయింది.

రెండవ కమిషన్ కూడా లారీ పక్షమే వహించింది. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తినప్పుడు నిజాం బాధితులను ఆదుకొని ప్రజల హృదయాలలో నిలిచారు. 1911లో ఆయన మరణించారు. సరిగ్గా ఆ సంవత్సరమే లండన్‌లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయనే చెదరగొట్టి చంపగలదని పిల్లులపై పరిశోధించి నిరూపించారు. హైదరాబాదు నిర్ణయం వీగిపోయింది. వందలాది జీవులు బలియైనా సత్యం పూర్తిగా చేజిక్కలేదు. ప్రాణుల సంఖ్య పెరిగినంత మాత్రాన ప్రయోగానికి ప్రామాణ్యం రాదు.

స్వతంత్ర భారతంలో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. పుస్తకాలు, నమూనాలు, చలనచిత్రాలతో బోధన సాగేచోట జంతువులపై ప్రయోగాలు మానుకోవాలని, కేవలం చేతినేర్పు కోసం వాటిని చేయరాదని ఆ చట్టం చెబుతుంది. శస్త్రచికిత్స తప్పనిసరియైతే మత్తు ఇచ్చి, బాధ తెలియకుండా చేయాలని విధిస్తుంది. ఒకనాడు మత్తుమందు గుట్టు తెలుసుకోవడానికి మూగజీవులు ప్రాణాలిచ్చాయి. అదే మత్తు నేడు వాటికి మన చట్టం కల్పించిన రక్షణ అయింది.

మహబూబ్ పేరు ఒక నగరానికి నిలిచింది. లారీ, బ్రంటన్‌ల పేర్లు వైద్యచరిత్రకెక్కాయి. ఆ నాలుగువందల ప్రాణులకు పేర్లు లేవు. ప్రయోగశాలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ తన జ్ఞానంలో వాటి ఋణం కూడా ఉన్నదని గుర్తించి, ఆ ఋణాన్ని అనవసరంగా పెంచకుండటమే వాటికి సమర్పించగల నివాళి.