మాటల కోశాధికారి – పీటర్ మార్క్ రోజే

నాలుక చివరదాకా వచ్చి బయటపడని మాట పెట్టే బాధ పరీక్ష హాల్లో కూర్చున్న ప్రతివాడికీ అనుభవమే. భావం మనసులో స్పష్టంగానే ఉంటుంది. దానికి తగిన ఇంగ్లీషు మాటే దొరికి చావదు. తెలుగు మీడియంలో చదివి కాలేజీకొచ్చిన నాబోటివాళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. డిక్షనరీ ఉంది గదా అంటారు పెద్దలు. మాట చేతిలో ఉంటే డిక్షనరీ దాని అర్థం చెబుతుంది. అర్థం మాత్రమే చేతిలో ఉండి, మాట లేనివాడికి అదేం చేస్తుంది? అటువంటి నిర్భాగ్యుల కోసం ఒక పుస్తకం చేసిపెట్టిన పెద్దమనిషి పీటర్ మార్క్ రోజే. మన లైబ్రరీల్లో అందరూ రోజెట్ అనే అంటారుగాని, వారిది జెనీవా నుంచి వచ్చిన ఫ్రెంచి కుటుంబం, చివరి అక్షరం పలకరు.

విచిత్రమేమిటంటే ఈయన భాషాపండితుడు కాడు, వైద్యుడు. 1779 జనవరి 18న లండన్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి ప్రొటెస్టెంటు చర్చిలో మతగురువు. పీటర్‌కు నాలుగేళ్ళప్పుడు, 1783లో, ఆయన చనిపోయాడు. తల్లి కేథరిన్ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకొని ఊళ్ళు తిరిగింది. తండ్రి లేని లోటు కొంత తీర్చినవాడు మేనమామ శామ్యూల్ రోమిలీ, న్యాయశాస్త్రంలో గొప్ప సంస్కర్త. పీటర్ పద్నాలుగో ఏట ఎడింబరో యూనివర్సిటీలో చేరి, పందొమ్మిదేళ్ళకే, 1798లో, ఎం.డి. పుచ్చుకున్నాడు. మనం ఆ వయసులో ఏం చేస్తున్నామో తలచుకోకపోవడమే మంచిది.

ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1803 నాటిది. మాంచెస్టరు వర్తకుడొకాయన తన ఇద్దరు కొడుకుల్ని యూరప్ చూపించి రమ్మని ఈయన వెంట పంపాడు. వాళ్ళు జెనీవాలో ఉండగా ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మళ్ళీ యుద్ధం వచ్చింది. కనబడిన ఇంగ్లీషువాళ్ళందర్నీ నిర్బంధించమని నెపోలియన్ హుకుం. రోజే ఏం చేశాడంటే, తండ్రి పుట్టింది జెనీవాలోనే కాబట్టి తానూ ఆ ఊరి పౌరుణ్ణేనని కాగితాలు పుట్టించాడు. పిల్లలిద్దర్నీ తీసుకొని మారుమూల దారులు పట్టి, నోట ఇంగ్లీషు ముక్క రానివ్వకుండా, సరిహద్దు దాటి బయటపడ్డాడు. ఇంగ్లీషు మాటలకు చిరునామాగా నిలిచిన మనిషి ఇంగ్లీషు మాట్లాడకపోవడం వల్ల బతికిపోయాడన్నమాట!

తిరిగొచ్చి మాంచెస్టరు ఆసుపత్రిలో డాక్టరుగా కుదిరాడు. అక్కడే 1805లో ఆ చిన్న పట్టిక తయారైంది. రాసేటప్పుడు తనకే పనికొస్తుందని, ఒకే భావం చుట్టూ తిరిగే మాటల్ని గుంపులు గుంపులుగా చేర్చి రాసుకున్నాడు. అచ్చు వేయాలనే ఊహ అప్పటికి లేదు. దాదాపు యాభై ఏళ్ళు ఆ కాగితాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

ఆ యాభై ఏళ్ళూ ఆయన సైన్సుకే ఇచ్చాడు. 1815లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1827 నుంచి 1848 దాకా దానికి కార్యదర్శి. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీరింగు విద్యార్థులు వాడిన స్లైడ్ రూల్ ఉందే, దానికి లాగ్-లాగ్ స్కేలు చేర్చింది ఈయనే. నిలువు కమ్మీల సందుల్లోంచి చూస్తే దొర్లిపోయే బండిచక్రం ఆకులు వంగినట్టు ఎందుకు కనబడతాయో 1824లో వివరించాడు. సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఆ వ్యాసాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

పైకి ఇంత నిండుగా కనిపించే జీవితంలో లోపల ఎన్ని దెబ్బలో! 1818 అక్టోబరు చివర రోమిలీ భార్య పోయింది. ఆ దుఃఖంలో మతి చెదిరిన మేనమామను రోజేయే కనిపెట్టుకొని ఉన్నాడు. అయినా నవంబరు 2న రోమిలీ గొంతు కోసుకున్నాడు. తన సంరక్షణలో ఉన్న మనిషి, తండ్రిలాంటివాడు, అలా పోవడం! తర్వాత 1833లో భార్య మేరీ కాన్సరుతో మరణించింది. తల్లికి చివరి సంవత్సరాల్లో మతి చలించింది. లోకం ఇలా చెల్లాచెదురవుతున్నవాడు కనీసం మాటల్నయినా ఒక వరసలో నిలబెట్టుకున్నాడేమోనని నాకనిపిస్తుంది.

రాయల్ సొసైటీ పని దిగిపోయాక, డెబ్భయ్యో పడిలో, ఆ పాత పట్టిక బయటికి తీశాడు. 1852లో థిసారస్ అచ్చయింది. అప్పటికాయనకు డెబ్భై మూడేళ్ళు. (బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడిందీ ఆ ఏడాదే.) భావాలన్నిటినీ ఆరు తరగతులు చేశాడు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, రాగద్వేషాలు. వాటికింద వెయ్యి శీర్షికలు. వీలైనచోటల్లా వ్యతిరేక భావాల్ని ఎదురెదురుగా నిలబెట్టాడు. ఉండటం ఇటు, లేకపోవడం అటు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. వీధిబడుల్లో మన తాతలు వల్లెవేసిన అమరకోశం ఇటువంటిదే. కోశమన్నా, గ్రీకులో థిసారస్ అన్నా ఖజానాయే గదా. రోజేకు ఆ సంగతి తెలుసు. కోల్‌బ్రూక్ చేసిన, 1808లో శ్రీరాంపురంలో అచ్చయిన అనువాదాన్ని తన పీఠికలో పేర్కొన్నాడు కూడా. అయితే అందులో వర్గీకరణ కలగాపులగంగా ఉందని తేల్చేశాడు. ఈ తీర్పు నాకు సరిగా తోచదు. అమరసింహుడు కంఠస్థం చేసేవాడి కోసం శ్లోకం కట్టాడు. రోజే బల్ల దగ్గర కలం పట్టుకొని తడుముకునేవాడి కోసం పట్టిక వేశాడు. ఎవరి అవసరం వారిది.

ఇక పుస్తకం వాడకం. ‘అలక’కు ఇంగ్లీషేమిటని నేనోసారి వెతికాను. యాంగర్ పట్టుకొని వెళితే రిసెంట్‌మెంట్ శీర్షిక దగ్గర తేలాను. పీక్, అంబ్రేజ్, హఫ్, డడ్జన్... హఫ్ కొంచెం దగ్గరగా వచ్చింది. కాని మన అలకలో, ఎవరో వచ్చి బతిమాలాలనే ఆశ ఉంటుంది. సత్యభామ కోపగించుకుంటే కృష్ణుడు రావాలి, అల్లుడు అలకపాన్పు ఎక్కితే మామగారు రావాలి. ఆ ఆశకు అక్కడ మాట దొరకలేదు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ చూపించి, మనం వెతికే ఇల్లు ఆ వీధిలో లేదని తెలియజెప్పడం కూడా ఆ పుస్తకం చేసే మేలే.

ఇంకో చిక్కు ఉంది. గుంపులో మాటలుంటాయిగాని వాటి మధ్య తేడాలు చెప్పలేదు రోజే. సరైన మాట కంటబడితే పాఠకుడు ఇదే అని గుర్తుపడతాడని ఆయన నమ్మకం. ఇంగ్లీషు ఉగ్గుపాలతో వచ్చినవాళ్ళ సంగతది. హాస్టల్లో నా మిత్రుడొకడు, ఉదయం రెండే ఇడ్లీలు తింటున్నామని వార్డెన్‌కు అర్జీ రాస్తూ, ఈట్ మరీ మామూలుగా ఉందని డివవర్ ఏరుకున్నాడు. పెట్టింది తక్కువని చెప్పబోయి, తోడేళ్ళలా పడి తింటున్నామని చెప్పినట్టయింది. మనబోటివాళ్ళు థిసారస్ పక్కన డిక్షనరీ కూడా తెరిచి కూర్చోవలసిందే.

రోజే ఉండగానే పుస్తకం 28 ముద్రణలు పొందింది. తొంభయ్యో ఏట, 1869 సెప్టెంబరు 12న, వెస్ట్ మాల్వర్న్‌లో కన్నుమూశాడు. కొడుకు జాన్ లూయిస్ 1879లో పెద్ద ఇండెక్సు చేర్చి కొత్త కూర్పు తెచ్చాడు. జనం ఆరు తరగతుల దారిన పోకుండా ఆ ఇండెక్సు గుమ్మంలోంచే లోపలికి పోవడం మరిగారు. ఆ కూర్పుకు తండ్రి సొంత ప్రతి ఎంతో ఉపయోగపడింది. ఖాళీ ఉన్నచోటల్లా, అంచుల వెంట, దాదాపు చివరి రోజులదాకా ఆయన ఇంకా మాటలు చేర్చుకుంటూనే ఉన్నాడు.