డన్లప్ – గాలిచక్రము

మదనపల్లె నుండి పుంగనూరునకు గాని, కుప్పము చుట్టుపట్ల పల్లెలనుండి పట్టణమునకు గాని సైకిలుపై పోవువానికి తుమ్మముల్లు గ్రుచ్చుకొన్ననాడు గదా చక్రములోని గాలి విలువ తెలియును! ఆ గాలిని చక్రమున బంధించి లోకమునకు వాడుక చేసినవాడు ఒక పశువైద్యుడు. ఆతని పేరు జాన్ బాయిడ్ డన్లప్.

ఆతడు 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమందలి డ్రెగ్‌హార్న్ అను గ్రామమున జన్మించెను. ఎడింబరోలో పశువైద్యము నభ్యసించి, 1867లో ఐర్లండు చేరెను. తరువాత బెల్‌ఫాస్టు నగరమున వైద్యము చేయుచుండెను. ఆ దినములలో సైకిలు చక్రములకు గట్టి రబ్బరు పట్టీలే యుండెడివి. రాళ్లు పరచిన వీథులలో అవి యెముకలు కదలునట్లు కుదిపెడివి.

1887లో ఆతని కుమారుడు మూడుచక్రముల బండి తొక్కుచు ఈ కుదుపులతో బాధపడుచుండెను. తండ్రి పలుచని రబ్బరు రేకులతో గొట్టము చేసి, గుడ్డతో కప్పి, కొయ్యచక్రమునకు బిగించి, పంపుతో గాలి నింపెను. పిమ్మట పెరటిలో దానిని, బండి చక్రము నొకదానిని సమానబలముతో దొర్లించెను. బండిచక్రము పెరడు దాటకమునుపే పడిపోయెను. గాలిచక్రము చివరివరకు పోయి, గుంజకు కొట్టుకొని వెనుకకు ఎగిరెను.

1888లో ఆతడు హక్కుపత్రము పొందెను. ఉబ్బిన టైర్లను చూచి జనులు నవ్విరి. 1889 మే నెల 18వ తేదీన బెల్‌ఫాస్టు పందెములలో విల్లీ హ్యూమ్ అను యువకుడు వానితోనే గెలువగా నవ్వు లాగిపోయెను. ఆ యేడే హార్వే డుక్రో అను వ్యాపారి పూనికతో డబ్లినులో కంపెనీ ఏర్పడెను.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు 1845లోనే గాలిచక్రమునకు హక్కు పొందియుండెనట! డన్లప్ ఆ సంగతి ఎరుగడు. అయినను ఆతని హక్కు చెల్లకపోయెను. థామ్సన్ కాలమున చక్రము గుఱ్ఱపుబండికే గాని సైకిలుకు పుట్టలేదు. కావున కీర్తి రెండవవానికి దక్కెను. ఇది న్యాయమా యని నాకు నేటికిని సందేహమే.

నేడు కొందరు ఇంటిలోనే సైకిలును చట్రమున బిగించి, వెనుకచక్రమును ఇనుప దిమ్మపై ఆనించి తొక్కి వ్యాయామము చేయుదురు. ముల్లు లేదు, రాయి లేదు, ఇక గాలితో పనియేమి యని తలంతురు. కాని రబ్బరు గుండ గాలి దినదినము కొంత వెడలుచునే యుండును. అది తగ్గినచో టైరు దిమ్మపై అణగి, జారి, వేడెక్కి త్వరగా అరుగును. కావున తెలిసినవారు టైరు ప్రక్కన ముద్రించిన హద్దు దాటక, ప్రతిసారియు ఒకే యొత్తిడి యుండునట్లు మీటరుతో చూచి నింపుదురు. లేనిచో నిన్నటి శ్రమకు నేటి శ్రమకు పోలిక కుదురదు. నేను బొటనవ్రేలితో నొక్కి చూచెడివాడను. ఆ వ్రేలు నన్ను పలుమారు మోసగించినది.

డన్లప్ కొంతకాలమునకు కంపెనీని వదలెను. ఆ టైర్లవలన కలిగిన మహాసంపదలో ఆతనికి చేరినది స్వల్పము. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లినులో ఆతడు మరణించెను. ఆతడు తొలుత చేసిన టైరొకటి ఎడింబరో నగరపు మ్యూజియములో నున్నది.