జార్జి బబాకిన్

జార్జి నికొలాయెవిచ్ బబాకిన్ (నవంబరు 13, 1914 - ఆగష్టు 3, 1971) సోవియట్ యూనియన్‌కు చెందిన ప్రముఖ వ్యోమనౌకా రూపశిల్పి. మనిషి వెళ్ళకుండానే, యంత్రం ద్వారా చంద్రుని మట్టిని తవ్వి భూమికి తెచ్చిన తొలి నౌక లూనా-16 ఈయన నాయకత్వంలో రూపొందింది.

బాల్యం, విద్య

బబాకిన్ మాస్కోలో జన్మించాడు. యుక్తవయసులోనే రేడియో సాంకేతికునిగా ఉద్యోగంలో చేరాడు. పనిచేస్తూనే ఉత్తరాల ద్వారా చదువు కొనసాగించి, 40 ఏళ్ళు దాటిన తరువాత, 1957లో ఇంజనీరింగు పట్టా పొందాడు.

ప్రధాన రూపశిల్పిగా

1950వ దశకంలో లావోచ్కిన్ సంస్థలో చేరి క్షిపణుల నియంత్రణ వ్యవస్థలపై పనిచేశాడు. 1965లో సెర్గీ కొరొల్యోవ్ చంద్రునికి, గ్రహాలకు పంపే మానవరహిత నౌకల బాధ్యతను ఈ సంస్థకు అప్పగించగా, బబాకిన్ దాని ప్రధాన రూపశిల్పి అయ్యాడు. అప్పటికి చంద్రునిపై మెల్లగా దిగేందుకు చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. 1966 ఫిబ్రవరి 3న లూనా-9 ఆ ఘనకార్యాన్ని సాధించింది. కొరొల్యోవ్ అంతకు సుమారు మూడు వారాల ముందే మరణించాడు.

చంద్రుని మట్టి

అమెరికా వ్యోమగాముల కంటే ముందే చంద్రుని మట్టిని తేవాలని సోవియట్ యూనియన్ సంకల్పించింది. 1969 జూన్‌లో ప్రయోగించిన తొలి నౌక రాకెట్టు వైఫల్యం వలన నష్టమైంది. జూలై 13న బయలుదేరిన లూనా-15, అపోలో-11 వ్యోమగాములు ఇంకా చంద్రునిపై ఉండగానే, జూలై 21న చంద్రుని ఢీకొని ధ్వంసమైంది. అపోలో-11 సుమారు 21.5 కిలోల శిలలను, మట్టిని తెచ్చింది.

పోటీలో ఓడినా ప్రయత్నం ఆగలేదు. 1970 సెప్టెంబరు 12న బయలుదేరిన లూనా-16, సెప్టెంబరు 20న చంద్రునిపై ఫలసముద్రం అనే మైదానంలో, రాత్రి చీకటిలో దిగింది. దాని తొలిచే యంత్రం సుమారు 35 సెంటీమీటర్ల లోతు వరకు దిగి మట్టిని తీసి, గోళాకారపు పేటికలో భద్రపరిచింది. మరునాడు పైభాగంలోని రాకెట్టు ఆ పేటికతో నిట్టనిలువుగా ఎగిరింది. దిగే చోటును తగినట్లు ఎంచుకొన్నందువలన తిరుగు ప్రయాణంలో మార్గాన్ని సవరించే పనిలేకపోయింది. నౌక బరువు తగ్గించడానికి ఇది ఎంతో తోడ్పడింది. సెప్టెంబరు 24న పేటిక కజకిస్తాన్‌లో పారాచూటు సాయంతో దిగింది. అందులోని మట్టి 101 గ్రాములు.

ఇతర విజయాలు

శుక్రుని వాతావరణ వివరాలు పంపిన వెనెరా-4 (1967), చంద్రునిపై నడిచిన తొలి యంత్రశకటం లూనోఖోద్-1 (1970), శుక్రుని ఉపరితలం నుండి సంకేతాలు పంపిన వెనెరా-7 (1970) కూడా ఈయన ఆధ్వర్యంలో వెలువడినవే. 1970లో ఈయనకు సోషలిస్టు శ్రమవీర బిరుదు లభించింది.

మరణం, ప్రభావం

లూనా-16 విజయానికి ఏడాది నిండకముందే, 56 ఏళ్ళ వయసులో బబాకిన్ మరణించాడు. సోవియట్ విజ్ఞాన గ్రంథాల తెలుగు అనువాదాలు విజయవాడలోని విశాలాంధ్ర ప్రచురణాలయం ద్వారా తెలుగు పాఠకులకు చేరేవి. అయితే ప్రధాన రూపశిల్పుల పేర్లను వారు జీవించి ఉన్నంతకాలం సోవియట్ ప్రభుత్వం సాధారణంగా రహస్యంగా ఉంచేది. చంద్రునిపై, అంగారకునిపై ఒక్కొక్క బిలానికి ఈయన పేరు పెట్టారు.

ఈయన పద్ధతినే అనుసరించి లూనా-20 (1972), లూనా-24 (1976) మట్టిని తెచ్చాయి. ఆ తరువాత 44 ఏళ్ళకు, 2020లో, చైనా నౌక చాంగ్-5 సుమారు 1,731 గ్రాములు తెచ్చింది. ఇదే లక్ష్యంతో రూపొందించిన చంద్రయాన్-4 పథకాన్ని భారత ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదించింది.