వకీలు కావలసిన పంతులు

డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు రాష్ట్రపతి అని మనకందరికీ తెలుసు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఒక పేద విద్యాసంస్థను నడిపిన పంతులని మన పిల్లలకు చెబుతున్నామా?

1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. తండ్రి ఇక్కడ వకీలు. పదేళ్లకు తండ్రినీ, తర్వాత నాలుగేళ్లకు తల్లినీ పోగొట్టుకున్నారు. అలీగఢ్‌లో ఎం.ఏ., లా చదువుతుండగా 1920లో సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. ఆ కాలేజీ వదిలి, జామియా మిలియా స్థాపనలో చేరారు. బెర్లిన్‌లో డాక్టరేటుకు చదువుతూనే, ప్రెస్సులో తన చేత్తో టైపు కూర్చి గాలిబ్ దివాన్ అచ్చు వేయించారు. 1926లో తిరిగి వచ్చి జామియా వైస్ చాన్సలరయ్యారు.

హోదా పెద్దదే గాని, సంస్థ దగ్గర డబ్బు లేదు. నెలకు 150 రూపాయలు మించి తీసుకోమని, ఇరవై ఏళ్లు విడిచి వెళ్లమని 1928లో ఆయనా, తోటి పంతుళ్లూ మాట ఇచ్చారు. 1948 దాకా ఆయన అక్కడే ఉన్నారు. ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి తెచ్చారు, పిల్లలకు కథలు రాశారు. గులాబీలు పెంచడం, రాళ్లూ శిలాజాలూ పోగుచేయడం ఆయన సరదాలు.

1969 మే 3న రాష్ట్రపతిగా ఉండగానే కన్నుమూశారు. ఖననం మాత్రం జామియా ఆవరణలోనే జరిగింది.

మన ఇంటి పిల్లవాడు పెద్ద ఉద్యోగం కాదని పంతులుద్యోగం చేస్తానంటే, కోప్పడే ముందు ఈయన్ని ఒక్కసారి తలుచుకుందాం.