సోదరునికై కూర్చిన గ్రంథాలయము

చదివిన పుస్తకమును మూసి ప్రక్కన పెట్టిన నెలనాళ్ళకే అందలి విషయము మన మనస్సునుండి జారిపోవ మొదలిడును. ఏడాది గడచునప్పటికి గ్రంథకర్త పేరును, రెండు మూడు సన్నివేశములును మిగులును. పదేండ్లకు ఆ పుస్తకమును చదివితిమన్న మాటయే మఱచిపోవుదుము. ఇది ఉపాధ్యాయులకును విద్యార్థులకును అనుభవములోని విషయమే. ఈ మఱపునకు లొంగక, తాను చదివిన గ్రంథములను ఒక్కొక్కటిగా పేర్కొని, వాని సారమును, గుణదోషములను వ్రాసియుంచిన పండితుడొకడు పదునొకండు వందల యేండ్లకు పూర్వము కాన్‌స్టాంటినోపిల్ నగరమున నుండెను. ఆతని పేరు ఫోటియస్. సోదరుడొకడు కోరగా ఆతని కొఱకై ఈ వ్రాతకు పూనుకొనెను. అది లేకున్నచో ప్రాచీన గ్రీకు వాఙ్మయములోని పెక్కు గ్రంథములను గూర్చి నేడు మనకు పేర్లకు మించి తెలిసియుండెడిది కాదు.

ఫోటియస్ తొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున జన్మించెను. నేడు తుర్కీ దేశములో ఇస్తాంబుల్ అని పిలువబడు నగరమే నాటి కాన్‌స్టాంటినోపిల్. పడమటి రోమక సామ్రాజ్యము అంతరించిన పిమ్మటను తూర్పు సామ్రాజ్యమునకు అది రాజధానియై వెలయుచుండెను. అచ్చటి రాజ్యమును, మతమును, విద్యయు గ్రీకు భాషలోనే నడచుచుండెను. ఆ కాలమున క్రీస్తు యొక్కయు పునీతుల యొక్కయు చిత్రపటములను పూజింపవచ్చునా, కూడదా యను వివాదము సామ్రాజ్యమును రెండుగా చీల్చినది. ఫోటియస్ తండ్రి సెర్గియస్ పటముల పక్షము వహించి చక్రవర్తి ఆగ్రహమునకు గుఱియయ్యెను. తల్లిదండ్రులిరువురును ప్రవాసమున కడగండ్లు పడి మరణించిరి. 843లో పటారాధనము మఱల నెలకొల్పబడిన పిమ్మట గాని ఆ కుటుంబమునకు మంచి దినములు రాలేదు.

అట్టి ఇంట పెరిగినను ఫోటియస్ విద్యకు లోటు కలుగలేదు. వ్యాకరణము, అలంకారము, తర్కము, చరిత్ర, వైద్యము, మతశాస్త్రము మున్నగువాని నన్నిటిని ఆతడు సాధించెను. రాజాస్థానమున చేరి క్రమముగా చక్రవర్తి లేఖకులకు అధిపతి యయ్యెను. పగలెల్ల రాజకార్యములు, తక్కిన వేళ పుస్తకములు. ఇంటికి రాగానే జిజ్ఞాసువులు చుట్టు చేరెడివారు. ఒకడు గణితమును, ఒకడు తర్కమును, ఒకడు వేదాంతమును పట్టుకొని వచ్చి ప్రశ్నించుచుండ నాతడు సమాధానములు చెప్పుచుండెడివాడు. పిమ్మట మహాపదవి లభించినపుడు కూడ ఆ సాయంకాలములను తలచుకొని, ఎంతటి సుఖమును పోగొట్టుకొంటినో యని ఒక లేఖలో వగచినాడు.

ఇట్లుండగా ఫోటియసును అరబ్బుల యొద్దకు పోవు రాయబారమున సభ్యునిగా నియమించిరి. అది ఏ సంవత్సరమున జరిగెనను విషయమున విద్వాంసులలో నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. ఆ దినములలో శత్రురాజ్యమునకు పోవుట సామాన్యమైన ప్రయాణము కాదు. పోయినవారు తిరిగి వత్తురన్న నమ్మకము లేదు. ఆతని సోదరుడు తారాసియస్ అన్నదమ్ముల యెడబాటునకు దుఃఖించి, ఒక కోరిక కోరెను. తాను దగ్గఱ లేనపుడు ఫోటియస్ చదివిన గ్రంథములేవియో, అందేమి యున్నదో వ్రాసి యిమ్మనెను. ఆ వ్రాత తన చేతిలో నుండిన ఎడబాటు కొంత సహింపదగినదగునని ఆతని భావము.

ఫోటియస్ ఒక లేఖకుని కూర్చుండబెట్టుకొని ఆ పనికి పూనుకొనెను. గ్రంథము చివర నాతడు వ్రాసిన మాటల భావమిది: ఈ ప్రయాణమున తనకు ప్రాణాపాయము సంభవించినచో సోదరుని కోరిక ఈ విధముగా తీరినట్లగును, క్షేమముగా తిరిగి వచ్చినచో మఱికొన్ని గ్రంథములను గూర్చి కూడ వ్రాయగలడు. కావున పుస్తకములను గూర్చిన ఈ పుస్తకము ఒక విధముగా వీలునామా వంటిది. తన యొద్ద నున్న సంపదలో మిక్కిలి విలువైనదని తోచిన దానిని ఆతడు సోదరునకు వ్రాసి యిచ్చెను.

అందు 279 గ్రంథసంపుటములను గూర్చి వ్రాసితినని ఫోటియస్ లెక్క చెప్పినాడు. నేటి ముద్రణములలో ఆ సంఖ్య 280గా కానవచ్చును. వానిలో సగమునకు పైగా క్రైస్తవ మత గ్రంథములు. తక్కినవి చరిత్రలు, ఉపన్యాసములు, వైద్యగ్రంథములు, నిఘంటువులు, కథలు. పద్యకావ్యములు దాదాపు లేవు. బడిలో అందఱును చదువు గ్రంథములను సోదరుడెట్లును ఎఱుగునని తలచి వానియందు శ్రద్ధ వహింపలేదు. విషయమును బట్టి గాని, కాలమును బట్టి గాని వరుస యేర్పఱుపలేదు. జ్ఞప్తికి వచ్చిన క్రమముననే చెప్పుకొని పోయెను. ఫలానా గ్రంథము చదువబడినదని ప్రతి భాగమును మొదలగును. పిమ్మట కర్త యెవరు, ఎన్ని భాగములు, ఏమి చెప్పినాడు, శైలి యెట్టిది యనునవి వచ్చును. కొన్ని భాగములు రెండు మూడు పంక్తులతో ముగియును. కొన్ని పదులకొలది పుటలు సాగును.

ఇందు మనము ముఖ్యముగా గమనింపదగినది ఫోటియస్ నిష్పక్షపాతము. హెరొడొటస్ భాషను ఆ మాండలికమునకే ప్రమాణమని మెచ్చుకొనుచు, కట్టుకథలయందు ఆతనికి గల మక్కువను దాచక చెప్పినాడు. లూషియన్ శైలిని కొనియాడి, ఎల్లరను ఎగతాళి చేయు ఈ రచయిత తన నమ్మకమేదియో ఎన్నడును చెప్పలేదని ఎత్తిచూపినాడు. అకిలీస్ టేషియస్ ప్రేమకథలో పదముల కూర్పు చక్కనిదని యొప్పుకొని, అందలి అసభ్యతను నిరసించినాడు. ఫిలోస్టార్జియస్ అను చరిత్రకారుడు ఫోటియస్ దృష్టిలో మతద్రోహి. ఆతని భావములను తీవ్రముగా ఖండించినను, రచనలోని సొగసును మాత్రము కాదనలేదు. అంతటితో నాగక ఆ చరిత్రకు వేఱుగా ఒక సంక్షేపము కూడ సిద్ధపఱచెను. మూలగ్రంథము నశించినది. నేడు ఫిలోస్టార్జియస్ చరిత్ర మనకు తెలియుచున్నదన్న, అది ప్రధానముగా ఆతని విరోధి చేతి చలువయే.

ఈ జాబితాలోని గ్రంథములలో చాల భాగము నేడు లేవు. థియోపాంపస్ వ్రాసిన మహాచరిత్రలో 53 భాగములు ఫోటియస్ కాలము వఱకును నిలిచియుండెను. ఇప్పుడు ఒక్క భాగమును పూర్తిగా లేదు. నల్లసముద్ర తీరమున నున్న హెరాక్లియా నగరమునకు మెమ్నాన్ వ్రాసిన చరిత్ర మనకు ఫోటియస్ సంక్షేపము వలననే దక్కినది. యాంబ్లికస్ అను నాతని బాబిలోనియా కథయు ముఖ్యముగా ఇట్లే తెలియవచ్చినది. ఈజిప్టు సరిహద్దు బంగారు గనులలో సంకెళ్ళతో పనిచేసి మడియు ఖైదీల దురవస్థను అగాథార్కిడిస్ వర్ణించినాడు. ఆ గ్రంథమును పోయినది. దాని భాగములను నిలిపిన ఇద్దఱు ముగ్గురిలో ఫోటియస్ ఒకడు.

మన దేశమునకు సంబంధించిన గ్రంథము కూడ ఇందొకటి కలదు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్ది చివర పారసీక చక్రవర్తి ఆస్థానమున వైద్యుడుగా నుండిన క్టీసియస్ అను గ్రీకువాడు భారతదేశమును గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. కుక్కతలల మనుష్యులు, మనుష్యులను తిను వింతమృగము, మాటలాడు చిలుక మొదలగు విశేషములు అందు కలవు. గ్రీకు భాషలో కేవలము మన దేశమును గూర్చియే వ్రాయబడిన తొలి గ్రంథములలో ఇదియొకటి. మూలము నశింపగా, దాని స్వరూపము నేడు మనకు తెలియుట ముఖ్యముగా ఫోటియస్ సంక్షేపము వలననే. చెప్పినదెల్ల సత్యమేనని క్టీసియస్ ఒట్టు పెట్టుకొన్నట్లు పలికిన పలుకులను ఫోటియస్ గుర్తించి వ్రాసెను. హెరొడొటసును కల్లలాడువాడని నిందించిన ఈతడును కల్పనలకు లోబడినాడని వ్యాఖ్యానించెను.

ఆ గ్రంథములెట్లు నశించినవి? ఫోటియస్ కాలముననే గ్రీకు లిపి మాఱుచుండెను. పాత పెద్దయక్షరముల ప్రతులను త్వరగా వ్రాయదగిన చిన్నయక్షరములలోనికి ఎత్తి వ్రాయుచుండిరి. ఎవరును ఎత్తి వ్రాయని గ్రంథము పాత ప్రతితో పాటే శిథిలమైపోయెను. పిమ్మట 1204లో మతయుద్ధ సైనికులు కాన్‌స్టాంటినోపిలును కొల్లగొట్టి తగులబెట్టినపుడు మఱికొన్ని భస్మమైనవి. తాను చదువుచున్న ప్రతులు చివరి ప్రతులు కావచ్చునని ఫోటియస్ ఎఱిగియుండడు. సోదరునకు చెప్పవలెనన్న తలంపు మాత్రమే ఆతనికి చాలినది.

ఫోటియస్ తరువాతి జీవితము తుపానులో పడిన ఓడ వంటిది. 858లో పేట్రియార్కు ఇగ్నేషియసును రాజప్రతినిధులు పదవీచ్యుతుని గావించిరి. సన్న్యాసి గాని, పూజారి గాని కాని ఫోటియసును ఆఱు దినములలో అన్ని మెట్లు ఎక్కించి, క్రిస్మసు పండుగనాడు ఆ మహాపీఠముపై కూర్చుండబెట్టిరి. రోములోని పోపు మొదటి నికొలసు దీని నంగీకరింపలేదు. తూర్పు పడమటి క్రైస్తవ సంఘముల నడుమ వైరము ముదిరెను. ఈ వైరమునకు ఫోటియసే మూలమని పడమటివారు చిరకాలము నిందించిరి. 1948లో ఫ్రాన్సిస్ ద్వోర్నిక్ అను చరిత్రకారుడు ఆధారములను పరిశోధించి ఆ నిందను చాలవఱకు తొలగించెను. స్లావు జాతులకు అక్షరభిక్ష పెట్టిన సిరిల్, మెథోడియస్ సోదరులను మొరేవియాకు పంపినదియు ఈ కాలముననే.

867లో బేసిల్ తన ప్రభువైన మూడవ మైఖేలును చంపించి సింహాసన మెక్కెను. ఫోటియస్ పదవి ఊడెను. 869, 870 సంవత్సరములలో జరిగిన మతసభ ఆతనిని శపించినది. ప్రవాసమున నున్న ఫోటియస్ చక్రవర్తికి ఒక లేఖ వ్రాసెను. పదవి పోయినదని గాని, ధనము పోయినదని గాని ఆతని ముఖ్యమైన మొఱ కాదు. తన పుస్తకములను తీసికొనిపోయిరని, ఇంతకు పూర్వము ఎవరికిని ఇట్టి శిక్ష విధింపబడలేదని ఆతడు మొఱపెట్టుకొనెను. తల్లిదండ్రుల ప్రవాసమును చూచిన కుమారుడు తన ప్రవాసమును సహింపగలిగెను. చదువుకొనుటకు పుస్తకము లేకుండుటను సహింపలేకపోయెను.

కొన్నేండ్లకు బేసిల్ మనస్సు కరగెను. ఫోటియసును పిలిపించి తన కుమారులకు గురువుగా నియమించెను. 877లో ఇగ్నేషియస్ మరణింపగా పేట్రియార్కు పదవి మఱల ఫోటియసునకే లభించినది. చరిత్ర వింత యేమనగా, 886లో సింహాసన మెక్కిన ఆఱవ లియో తనకు చదువు చెప్పిన ఈ గురువునే తొలగించి, తన తమ్ముని ఆ పీఠమున కూర్చుండబెట్టెను. ఫోటియస్ రెండవసారి ప్రవాసమునకు పోయి, ఇంచుమించు 893లో కన్నుమూసెను. తూర్పు క్రైస్తవ సంఘము ఆతనిని పునీతునిగా పూజించుచున్నది.

ఆతని గ్రంథము మాత్రము నిలిచినది. దాని ప్రాచీన ప్రతి యొకటి కార్డినల్ బెస్సారియన్ 1468లో వెనిసు నగరమునకిచ్చిన పుస్తకములలో చేరి, నేటికిని అచ్చట భద్రముగా నున్నది. 1601లో జర్మనీలోని ఔగ్స్‌బర్గు నగరమున డేవిడ్ హోషెల్ దానిని తొలిసారి ముద్రించెను. గ్రంథాలయము, పదివేల పుస్తకములు అను అర్థము వచ్చు పేర్లు దానికి తరువాతివారు పెట్టినవే. ఫోటియస్ కూర్చిన మఱియొక గ్రంథము గ్రీకు నిఘంటువు. దాని సంపూర్ణ ప్రతి 1959లో గ్రీసు దేశములోని జావోర్డా మఠమున బయల్పడి విద్వల్లోకమును ఆనందపఱచినది.

మన భాషలో మడికి సింగన తాను చదివిన నీతిగ్రంథముల పద్యములను సకలనీతిసమ్మతమున సంకలించియుండనిచో, ముద్రామాత్యము వంటి కృతుల జాడయే మనకు తెలియకపోవును. ఒకరు శ్రద్ధతో చదివి గుర్తుంచిన దానివలన తరువాతి తరములకు ఎంతటి మేలు కలుగునో ఇట్టి ఉదాహరణములు చాటుచున్నవి.

విద్యార్థులారా, ఒక చిన్న నోటుపుస్తకము చాలును. చదివిన పుస్తకము పేరు, కర్త పేరు, అందేమి యున్నది, మీకేమి నచ్చినది, ఏమి నచ్చలేదు అనునవి నాలుగు పంక్తులలో వ్రాసికొనుడు. ఇతరులు మెచ్చిరని మెచ్చవలదు. కర్త మీ పక్షమువాడు కాడని తిట్టవలదు. వ్రాసిన దానిని ఇంటనున్న తమ్మునికో, చెల్లెలికో, తోడి విద్యార్థికో చదివి వినిపింపుడు. ఫోటియస్ చేసినదియు ఇంతియే.