లూపు రాసిన కవి కూతురు

సీ భాష కొత్తగా నేర్చుకునే పిల్లలను మొదట తికమక పెట్టేది లూపు. ఒకే పని పదిసార్లు చేయించడానికి పది వరుసలు రాయనక్కరలేదు. ఒకసారి రాసి, ఎన్నిసార్లో చెప్పి, లెక్కపెట్టుకోవడానికి ఒక గడి ఇస్తే చాలు. సీ భాష పుట్టింది 1970ల మొదట్లో. ఈ ఉపాయం మాత్రం 1843లోనే అచ్చయింది. రాసినావిడ పేరు అడా లవ్‌లేస్.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. రాఫెల్స్ దొర మన సింగపూరులో కాలుపెట్టేనాటికి ఆమెకు మూడేళ్ళు. తండ్రి పేరుమోసిన కవి లార్డ్ బైరన్. పాప పుట్టిన నెలకే తల్లిదండ్రులు విడిపోయారు. దేశం వదిలి వెళ్ళిన తండ్రి, ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు గ్రీసులో చనిపోయాడు. ఆయన పోకడలు కూతురికి ఎక్కడ అబ్బుతాయోనని తల్లి పట్టుబట్టి లెక్కలు చెప్పించింది. అప్పట్లో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు, చదువంతా ఇంట్లోనే. 1829లో తట్టు సోకి అడాకు కాళ్ళు పడిపోయాయి. చాలాకాలం మంచంపైన, ఆ తర్వాత చంకకర్రల మీద గడిచింది. చదువు మాత్రం ఆగలేదు.

1833లో చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యాడు. పళ్ళచక్రాలతో లెక్కలు చేసే యంత్రం తయారు చేయాలని ఆయన పట్టుదల. దాని తర్వాత ఆయన తలపెట్టిన పెద్ద యంత్రానికి ఆజ్ఞలు చిల్లుల అట్టల ద్వారా అందాలి. ధర్మవరం పట్టుచీరల మగ్గాలపై జకార్డు అట్టలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అట్టల దండ తిరిగినకొద్దీ అదే పువ్వు మళ్ళీ మళ్ళీ పడుతుంది.

అడాకు 1835లో పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు. ఆ సంసారం మధ్యనే డిమోర్గన్ అనే గణిత పండితుడి దగ్గర పాఠాలు చెప్పించుకుంది. ఇటలీకి చెందిన మెనాబ్రియా ఈ యంత్రం గురించి ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని 1843లో ఇంగ్లీషు చేసి, మూలానికి దాదాపు మూడింతలు తన వివరణలు జోడించింది. కింద పేరు లేదు, పొడి అక్షరాలే!

ఆ వివరణల చివర బెర్నూలీ సంఖ్యలు కట్టే పట్టిక ఉంది. మొత్తం 25 మెట్లు. వాటిలో 13 నుంచి 23 వరకు మళ్ళీ మళ్ళీ చేయాలి. ప్రతి చుట్టుకూ ఒక గడిలోని అంకె ఒకటి చొప్పున తగ్గుతూ పోతుంది. అది సున్నా అయితే ఆగాలి. 25వ మెట్టు దాటాక తర్వాతి సంఖ్య కోసం మళ్ళీ మొదటికి రావాలి. అంటే లూపులో లూపు అన్నమాట. ఈ రోజు పిల్లలు 'ఫర్' అని రాసేది ఇదే. తగ్గించడం మరిచిపోతే ఎప్పటికీ ఆగదు, అది వేరే సంగతి.

ఇందులో బాబేజ్ పాలెంత, అడా పాలెంత అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తాను చేసిన పెద్ద తప్పును ఆమె పట్టుకుందని బాబేజే తన ఆత్మకథలో రాసుకున్నాడు. నాకు ఆ ఒక్క సాక్ష్యం చాలు.

ఆ పెద్ద యంత్రం ఆమె జీవితకాలంలో తయారు కాలేదు. రాసిన లూపు తిరగడం ఆమె చూడలేదు. 1852 నవంబరు 27న కాన్సరుతో కన్నుమూసింది. తండ్రిలాగే 36వ ఏటనే. ఆమె కోరిక ప్రకారం హక్‌నాల్ చర్చిలో ఆయన పక్కనే ఉంచారు. 1979లో అమెరికా రక్షణశాఖ ఒక ప్రోగ్రామింగు భాషకు ఆమె పేరు పెట్టింది.

అన్నట్టు, అచ్చయిన ఆ పట్టిక నాలుగో మెట్టులో ఒక భాగహారం తలకిందులుగా పడింది. పెద్ద తరగతి పిల్లలు వెతికి చూడండి.