బాండ్‌ని ముందే ఒకసారి చంపినాయన

మా హాస్టల్ మూడో ఫ్లోర్‌లో ఒక వాదన ఉంది. మేం కాలేజీలో చేరకముందే మొదలైంది, సీనియర్లు పోతూ పోతూ మాకు అప్పగించారు. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' చివర్లో జేమ్స్ బాండ్ చచ్చిపోయాడు కదా, ఇప్పుడేం చెయ్యాలి అన్నది గొడవ. 2025లో సినిమాల పగ్గాలు అమెజాన్ చేతికి వెళ్లడం, తర్వాతి సినిమాకి డెనీ విల్నోవ్ దర్శకుడని ప్రకటించడంతో అది మళ్లీ రాజుకుంది. ఒక బ్యాచ్ కథని 1950ల్లోకి తీసుకుపొమ్మంటుంది. కోల్డ్ వార్, టైప్‌రైటర్లు, సెల్‌ఫోన్ లేని గూఢచారి. ఇంకో బ్యాచ్‌కి డ్రోన్లూ హ్యాకింగూ ఉన్న ఈ కాలపు బాండే కావాలి. పోయినవాణ్ణి ప్రశాంతంగా వదిలెయ్యమనే వాళ్లు ఇద్దరున్నారు. తమాషా ఏంటంటే, అందరూ చివరికి ఒకాయన మీదే ఒట్టేస్తారు. అసలు ఫ్లెమింగ్ రాసిన బాండ్ వేరు అంటారు. ఆ అసలు బాండ్ ఎవరో తేల్చి వాదన గెలుద్దామని ఇయాన్ ఫ్లెమింగ్ జీవితం చదవడం మొదలుపెట్టాను. గెలవలేదు. కానీ చదివింది చెప్పకుండా ఉండలేను.

ఫ్లెమింగ్ 1908 మే 28న లండన్‌లో పుట్టాడు. తాత రాబర్ట్ ఫ్లెమింగ్ స్కాట్లండ్‌లోని డండీలో కింది నుంచి పైకొచ్చి పెద్ద బ్యాంకరైనవాడు. నాన్న వాలెంటైన్ పార్లమెంటు సభ్యుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 మే 20న చనిపోయాడు. ఇయాన్ తొమ్మిదో పుట్టినరోజుకి అప్పటికి ఎనిమిది రోజులుంది. వాలెంటైన్‌కి పత్రికలో నివాళి రాసినవాడు చర్చిల్. ఇంట్లో అలాంటి నాన్న ఫొటో, పక్కన చదువులో ఫస్టొచ్చే అన్న పీటర్. రెండోవాడి పరిస్థితి ఊహించుకోండి. ఈటన్ స్కూల్లో పరుగు పందాల్లో ఛాంపియనయ్యాడు తప్ప చదువు అబ్బలేదు. శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీని మధ్యలో వదిలేశాడు. ఆస్ట్రియా, మ్యూనిక్, జెనీవా తిరిగి భాషలు నేర్చుకుని విదేశాంగ శాఖ పరీక్ష రాశాడు. అదీ పోయింది. మనలో కొందరికి ఈ పేరా చదువుతుంటే ఎక్కడో తగులుతుంది.

చివరికి రాయిటర్స్ వార్తా సంస్థలో ఉద్యోగం దొరికింది. 1933లో మాస్కో పంపారు. అక్కడ మెట్రోపాలిటన్ వికర్స్ కంపెనీ తరఫున పనిచేస్తున్న ఆరుగురు బ్రిటిష్ ఇంజనీర్ల మీద గూఢచర్యం, విద్రోహం కేసు పెట్టి బహిరంగ విచారణ జరిపారు. అవును, ఫ్లెమింగ్ దగ్గరగా చూసిన మొదటి గూఢచారి కథలో నిందితులు కరెంటు మెషిన్లు బిగించే ఇంజనీర్లు. ఈయన ఏకంగా స్టాలిన్‌నే ఇంటర్వ్యూ అడిగాడు. కుదరదని సంతకంతో జవాబు వచ్చింది. ఆ తర్వాత డబ్బు కోసం బ్యాంకులో, షేర్ బ్రోకర్ల ఆఫీసులో కొన్నేళ్లు గడిపాడు. వాటి గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు.

1939లో నేవీ గూఢచార విభాగం అధిపతి అడ్మిరల్ గాడ్‌ఫ్రీ ఈయన్ని తన సహాయకుడిగా తీసుకున్నాడు. అక్కడ ఫ్లెమింగ్ పని ఐడియాలు పుట్టించడం. 1940లో ఒక ప్లాన్ వేశాడు. శత్రువుల నుంచి పట్టుకున్న జర్మన్ బాంబర్ విమానంలో జర్మన్ యూనిఫాం వేసిన బ్రిటిష్ వాళ్లని ఎక్కించి, ఇంగ్లిష్ ఛానెల్లో కావాలని కూల్చాలి. కాపాడ్డానికి వచ్చిన జర్మన్ పడవని లాక్కుని అందులోంచి ఎనిగ్మా కోడ్ సామగ్రి తేవాలి. సినిమాలా ఉంది కదా. చివరికి రద్దయింది. తర్వాత శత్రువుల రహస్య పత్రాలు ఎత్తుకొచ్చే 30 అసాల్ట్ యూనిట్ అనే దళం ఏర్పాటులోనూ ఈయన చెయ్యి ఉంది. యుద్ధానికి సంబంధించిన రహస్యాలు మరీ ఎక్కువ తెలుసు కాబట్టి ఈయన్ని మాత్రం ముందు వరసకి పంపలేదు. యుద్ధం చాలావరకు టేబుల్ దగ్గరే గడిచింది. బాండ్‌కి ఇచ్చిన కమాండర్ హోదా ఈయనదే. బాండ్ చేసిన సాహసాలు మాత్రం ఫైళ్లలో మిగిలిపోయినవి.

1942లో ఒక సమావేశానికి జమైకా వెళ్లి ఆ దీవి మీద మనసు పారేసుకున్నాడు. యుద్ధం అయ్యాక అక్కడ గోల్డెన్‌ఐ అనే ఇల్లు కట్టుకున్నాడు. లండన్ పత్రికలో ఉద్యోగం చేస్తూనే ప్రతి చలికాలం అక్కడికి పోయేలా ఒప్పందం రాయించుకున్నాడు. 1952 మొదట్లో, ఆన్‌తో పెళ్లికి కొన్ని వారాల ముందు, అక్కడే టైప్‌రైటర్ ముందు కూర్చుని 'కసీనో రొయాల్' రాశాడు. హీరోకి ఏ హంగూ లేని పేరు కావాల్సి వచ్చింది. వెస్టిండీస్ పక్షుల మీద తన దగ్గరున్న పుస్తకం తీసి రచయిత పేరు చూస్తే జేమ్స్ బాండ్. పక్షుల శాస్త్రవేత్త పేరు అలా గూఢచారిది అయిపోయింది. పుస్తకం 1953 ఏప్రిల్లో వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా టీవీలో నాటకంగా వేశారు. అందులో బాండ్ అమెరికా వాడు, పేరు జిమ్మీ! బాండ్ బ్రిటిష్ వాడే కావాలా అని మా ఫ్లోర్‌లో కొత్తగా అడిగేవాళ్లకి ఈ ముక్క చెప్పాలి.

ఇక అసలు విషయం. నాలుగు నవలలు అయ్యేసరికి ఫ్లెమింగ్‌కి బాండ్ మీద విసుగొచ్చింది. ఊహ ఎండిపోతోందని అనుమానం. అందుకే 1957లో వచ్చిన 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' చివర్లో రోసా క్లెబ్ బూటులోంచి వచ్చిన విషపు కత్తి బాండ్‌కి దిగుతుంది, మనిషి నేల మీద కూలిపోతాడు. అంతే, పుస్తకం అయిపోయింది. మనం 2021లో థియేటర్లో కూర్చుని గుండెలు బాదుకున్నది, చదువరులు 64 ఏళ్ల ముందే అనుభవించారన్నమాట. కాకపోతే ఫ్లెమింగ్ తలుపు పూర్తిగా మూయలేదు. 1958లో 'డాక్టర్ నో'లో బాండ్ కోలుకుని డ్యూటీకి వచ్చేశాడు.

వస్తూ వస్తూ పిస్టల్ మార్చుకున్నాడు. దాని వెనక ఒక అభిమాని ఉన్నాడు. గ్లాస్గోలో తుపాకుల మీద పట్టున్న జెఫ్రీ బూత్రాయిడ్ అనే ఆయన 1956లో ఫ్లెమింగ్‌కి ఉత్తరం రాశాడు. బాండ్ వాడే చిన్న బెరెట్టా ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోడానికి పనికొచ్చేది తప్ప ఇలాంటి ఏజెంటుకి సరిపోదని తేల్చేశాడు. ఫ్లెమింగ్‌కి కోపం రాలేదు సరికదా, ఉత్తరాలు నడిపి సలహాలు తీసుకుని, బాండ్ చేతికి వాల్తర్ పీపీకే ఇచ్చాడు. ఆయుధాలు అప్పగించే పాత్రకి బూత్రాయిడ్ పేరే పెట్టాడు. ఆ వాల్తర్ లేకుండా ఇవాళ బాండ్ పోస్టర్‌ని ఊహించలేం. అసలు బాండ్‌లో అంత ముఖ్యమైన వస్తువు అభిమాని వాదించి సాధించుకున్నది.

ఫ్లెమింగ్ ప్రయోగాలూ చేశాడు. 1962లో 'ద స్పై హూ లవ్డ్ మీ'ని ఒక అమ్మాయి చెప్పే కథగా రాశాడు. మూడింట రెండొంతులు గడిచేదాకా బాండ్ కనపడడు. విమర్శకులు ఉతికి ఆరేశారు. ఈయన ఎంత చిన్నబుచ్చుకున్నాడంటే, సినిమా వాళ్లకి ఆ పేరు మాత్రమే వాడుకోమని, కథ ముట్టుకోవద్దని షరతు పెట్టాడు. నాకైతే ఆయన మరీ తొందరపడ్డాడనిపిస్తుంది. కొత్త దారి తొక్కిన ఆ ఒక్కసారీ అభిమానులకి భయపడి వెనక్కి వచ్చేశాడు.

సినిమాల దగ్గర మాత్రం మొదటి నుంచీ దెబ్బలే. 'కసీనో రొయాల్' హక్కులు 1955లో 6000 డాలర్లకి అమ్మేసుకున్నాడు. 1959లో కెవిన్ మెక్‌క్లోరీ, జాక్ విటింగమ్‌లతో కలిసి ఒక స్క్రిప్టు మీద పనిచేశాడు. సినిమా తేలకపోవడంతో ఆ కథనే 1961లో 'థండర్‌బాల్' నవలగా వేశాడు, మిగతా ఇద్దరి పేర్లూ లేకుండా. గ్రూప్ ప్రాజెక్టు రిపోర్టు మీద ఒక్కడి పేరు వేసుకోవడమే ఇది. ఎంత అభిమానమున్నా ఇక్కడ ఫ్లెమింగ్‌ని వెనకేసుకు రాలేను. కేసు పడింది. అదే ఏడాది గుండెపోటు వచ్చింది. మంచం మీద ఉండగా కొడుకు కాస్పర్ కోసం 'చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్' అనే ఎగిరే కారు కథ రాశాడు. 1963 చివర్లో కోర్టులో రాజీ అయింది, సినిమా హక్కులు మెక్‌క్లోరీకి పోయాయి. ఆ కాగితం వల్లే 1983లో రెండు బాండ్ సినిమాలు పోటీపడ్డాయి. తగాదా పూర్తిగా తీరింది 2013లో. బాండ్ భవిష్యత్తు కంపెనీల చేతుల్లో పడిందని ఇప్పుడు బాధపడేవాళ్లకి చెబుతున్నా, అది ఫ్లెమింగ్ బతికుండగానే ఆయన చేతిలోంచి జారింది.

సాల్ట్‌జ్‌మన్, బ్రాకలీ నిర్మాతలుగా 'డాక్టర్ నో' సినిమా 1962 అక్టోబర్ 5న లండన్‌లో విడుదలైంది. హీరోగా షాన్ కానరీ అనేసరికి ఫ్లెమింగ్ మొహం మాడ్చుకున్నాడు. ఎడిన్‌బరో వీధుల్లో పాలు పోసిన కుర్రాడు, ఒడ్డూ పొడుగూ కండలూ. తన మనసులో ఉన్నది డేవిడ్ నివెన్ లాంటి దొర. హీరోని ప్రకటించగానే ఇవాళ మనం తిట్టినట్టే ఆయనా తిట్టుకున్నాడు. తెర మీద చూశాక మెత్తబడ్డాడు. ఎంతగా అంటే తర్వాతి నవలల్లో బాండ్ తండ్రిని స్కాట్లండ్ వాణ్ణి చేసేశాడు. ఇప్పుడు చెప్పండి, బాండ్ స్కాట్ అన్నది పుస్తకం ఇచ్చిందా, సినిమా ఇచ్చిందా?

డాక్టర్లు చెప్పినా సిగరెట్లూ మందూ మానలేదు. 1964 ఆగస్టు 12 తెల్లవారుజామున క్యాంటర్‌బరీలో మళ్లీ గుండెపోటుతో చనిపోయాడు. వయసు 56. కాస్పర్‌కి ఆ రోజే పన్నెండో పుట్టినరోజు. తండ్రి పోయినప్పుడు తన వయసు ఎనిమిది, తను పోయేసరికి కొడుకుది పన్నెండు.

మరుసటి నెలలో 'గోల్డ్‌ఫింగర్' విడుదలైంది, బాండ్ పిచ్చి ప్రపంచమంతా పాకింది. 1966కల్లా మన కృష్ణ 'గూఢచారి 116' అయిపోయి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నాడు. ఫ్లెమింగ్ చివరి నవల 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' 1965లో వచ్చింది, ఆయన ఎప్పటిలా చెక్కి నునుపు చెయ్యకుండానే. అందులో బాండ్ శత్రువుల చేతిలో బుర్ర చెడి తిరిగొచ్చి సొంత బాస్‌నే చంపబోతాడు. ఆఖర్లో సర్ బిరుదు ఇస్తామంటే వద్దంటాడు.

ఇదంతా మా ఫ్లోర్‌లో చెప్పాను. బూత్రాయిడ్ దగ్గరికి వచ్చేసరికి బెరెట్టా నిజంగా అంత పనికిరానిదా అని ఒకడు అడిగాడు. వాదన అటు మళ్లింది. రాత్రి మూడింటికీ తేలలేదు.